చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు: ఒక ఐసీటీసీ కేసు

డ్యూటీ ఎథిక్స్ గురించి మాకు ట్రైనింగుల్లో ఒక స్లైడ్ వేస్తారు, పక్కన కాంట్ అనే జర్మన్ ఫిలాసఫర్ బొమ్మ, కింద "ఫలితం కాదు, కర్తవ్యం ముఖ్యం" అని ఒక లైను, ఐదు నిమిషాల్లో అయిపోద్ది, తర్వాత టీ. ఆ లైను నిజంగా మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు పనికొస్తుందా లేదా అనేది ఎవరూ చెప్పరు. నేను కోస్తాలో ఒక గవర్నమెంట్ హాస్పిటల్లో ఐసీటీసీ (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, టెస్టింగ్ సెంటర్) కౌన్సెలర్ని, అంటే హెచ్‌ఐవీ టెస్టుకి ముందూ తర్వాతా పేషెంట్‌తో మాట్లాడే మనిషిని. ఈ కేసు కొత్తగా చేరే కౌన్సెలర్ల కోసం రాస్తున్నా. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశా, వృత్తి, నెలలు, కుటుంబం సంగతులు అన్నీ, సమస్యని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచా.

ఆయన రొయ్యల చెరువులు లీజుకి చేస్తాడు. హెర్నియా ఆపరేషన్‌కని వస్తే ఆపరేషన్ ముందు చేసే టెస్టుల్లో హెచ్‌ఐవీ రియాక్టివ్, అంటే పాజిటివ్ కావచ్చన్న సూచన, వచ్చింది, వార్డు నుంచి మా రూముకి పంపారు. మా దగ్గర ఒక్క కిట్‌తో తేల్చరు, వేరువేరు కిట్లతో మూడు టెస్టులు చేసి మూడూ రియాక్టివ్ అయితేనే పాజిటివ్ అని రిపోర్ట్ ఇస్తారు. మూడూ వచ్చాయి. ఆపరేషన్ కాయితాల కట్టలో పడి ఎక్కడో సంతకం పెట్టాడు గానీ ఈ టెస్టు చేస్తున్నారని ఆయనకి విడిగా ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ఇది మన వార్డుల్లో మామూలే, కానీ ఈ కేసులో తర్వాత ఇది చాలా పెద్ద విషయం అయింది, కింద చెప్తా.

భార్యకి ఐదో నెల. ఆవిడ కూడా మా హాస్పిటల్లోనే చూపించుకుంటుంది. మూడో నెలలో గర్భిణీలందరికీ చేసే టెస్టు చేశారు, నెగిటివ్. ఆ నెగిటివ్ చూసి గుండె మీద చెయ్యి వేసుకోవడానికి లేదు, ఎందుకంటే వైరస్ ఎక్కాక టెస్టులో బయటపడటానికి వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి మూడు నెలలు కూడా, పైగా ఆ టెస్టు అయ్యాక కూడా వాళ్ళు కలిసే ఉంటున్నారు. కడుపుతో ఉండగా కొత్తగా ఎక్కితే తల్లి రక్తంలో వైరస్ బాగా ఎక్కువ ఉంటుంది, బిడ్డకి రిస్క్ కూడా ఆ లెక్కనే. అసలు ఏ మందూ వాడకపోతే తల్లి నుంచి బిడ్డకి వచ్చే అవకాశం 15 నుంచి 45 శాతం, టైముకి మందులు మొదలుపెడితే 5 శాతం లోపుకి తేవచ్చు. అంటే ఇక్కడ తెలిసి చేయగలిగింది చాలా ఉంది, ఆవిడకి తెలియాలంతే.

ఆయన మొదటి మాట: "మేడమ్, మా ఇంట్లో మాత్రం తెలీకూడదండి." రెండో మాట ఇంకా కష్టం: "మాత్రలు లివర్‌కి అని చెప్తానండి, ఆవిడ ఎప్పుడైనా వచ్చి అడిగితే మీరు కూడా అదే అనండి, చాలు." మందులకి వెంటనే ఒప్పుకున్నాడు, రోజుకి ఒక టీఎల్‌డీ అనే హెచ్‌ఐవీ మాత్ర. దూరంగా ఉంటానని కూడా అన్నాడు. మాత్రలు సరిగ్గా వేసుకుంటే వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, పడిపోతుంది, కనపడనంతగా పడిపోయి అలాగే ఉంటే కలయిక ద్వారా అంటదు కూడా, కానీ అదేమీ వారం రోజుల్లో అయ్యేది కాదు, నెలలు పడుతుంది. ఆవిడకి ఆ నెలలే ముఖ్యం.

నేను ఆయనకి రెండు మాటలు ఒకేసారి చెప్పా. "మీకు తెలీకుండా మీ వెనకాల ఆవిడకి చెప్పను. ఆవిడకి అబద్ధం కూడా చెప్పను. అడిగితే ఆయన్నే అడగండమ్మా అంటాను, లివర్ అని మాత్రం అనను." ఆయనకి రెండోది నచ్చలేదు. "అలా అంటే ఆవిడకి డౌట్ వచ్చేస్తుంది కదండి" అన్నాడు. రావచ్చు. వచ్చిన డౌట్ ఆవిడది, దాన్ని తీసేసే పని నేను పెట్టుకోను.

ఈ తేడా చాలామందికి వెంట్రుకలు చీల్చినట్టు అనిపిస్తుంది, నాకు మాత్రం ఈ పని మొత్తం దీని మీదే నిలబడింది అనిపిస్తుంది. కాంట్ అంటే అన్నీ అందరికీ చెప్పేయాలన్న మనిషి అని ఒక అపోహ ఉంది. కాదు. 1791లో మరియా ఫాన్ హెర్బర్ట్ అనే ఆవిడ తన ప్రేమ వ్యవహారంలో పాత సంగతి దాచి మనసు పాడుచేసుకుని ఆయనకి ఉత్తరం రాస్తే, జవాబులో ఆయన మనసులో ఉన్నదంతా బయటపెట్టకపోవడాన్ని, ఉన్నదానికి వ్యతిరేకంగా చెప్పడాన్ని విడదీసి చూపించాడు, మొదటిది మనిషి బలహీనత, సరిపెట్టుకోవచ్చు, రెండోది కుదరదు అన్నట్టు. కౌన్సెలర్ రోజంతా చేసేది మొదటిదే. వంద మంది రహస్యాలు మోస్తూ ఎవరికీ చెప్పకుండా ఉంటాం, అందులో అబద్ధం ఒక్కటి కూడా అక్కర్లేదు.

ఇప్పుడు కేసు డిస్కషన్. మా దగ్గర డాక్టరు గారు, స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, నేను కూర్చున్నాం. నర్సు గారి ఐడియా చాలా సింపుల్: "ఆవిడ వచ్చే వారం హిమోగ్లోబిన్‌కి వస్తుంది, ఎలాగూ రక్తం తీస్తాం, అందులోనే ఇది కూడా చేసేద్దాం, నెగిటివ్ అయితే ఎవరికీ గొడవ లేదు, పాజిటివ్ అయితే అప్పుడు చూద్దాం." మంచి మనసుతో అన్న మాట, బిడ్డని కాపాడాలనే అంది. డాక్టరు గారికి పద్యాల పిచ్చి, ఆయన వెంటనే శుక్రాచార్యుణ్ణి దింపారు. పోతన భాగవతంలో వామనుడికి దానం ఇవ్వొద్దని బలికి చెప్తూ, ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళిళ్ళ విషయంలో, ప్రాణం విత్తం మానం పోయేచోట బొంకవచ్చు, పాపం రాదు అంటాడు కదా, ఇక్కడ పెళ్ళీ ఉంది ప్రాణమూ ఉంది మానమూ ఉంది, ఇంకేం కావాలి అని నవ్వారు. ఆ పద్యం అందరికీ నోటికొచ్చు, కానీ ఆ సలహా విన్న బలి ఏం చేశాడో గుర్తుచేసేవాళ్ళు తక్కువ. సర్వం పోతుందని గురువే చెప్పినా ఇచ్చిన మాట తప్పనన్నాడు. అంటే ఈ వాదన కాంట్ ఊరైన కోనిగ్స్‌బర్గ్‌లో మొదలైంది కాదు, మన అరుగుల మీద ఎప్పటినుంచో ఉంది.

కాంట్ వైపు దీనికి జోడీ 1797 వ్యాసం. బెంజమిన్ కాన్‌స్టాంట్ అనే ఫ్రెంచ్ రచయిత, హంతకుడు తలుపు కొట్టి నీ స్నేహితుడు లోపలున్నాడా అంటే కూడా నిజమే చెప్పాలా అని ఎద్దేవా చేస్తే, చెప్పాలనే అన్నాడు కాంట్. నేను దానికి ఒప్పుకోను, ఒప్పుకునే కౌన్సెలర్ ఎవరూ నాకు తగల్లేదు. కానీ మా కేసులో ఆవిడ హంతకురాలు కాదు, ప్రమాదంలో ఉన్న మనిషే ఆవిడ, అబద్ధం చెప్పాలని చూస్తున్నది ఆ మనిషికే. ఆ ఉదాహరణ ఇక్కడ అతకదు.

మరి రహస్యంగా టెస్టు చేస్తే తప్పేంటి? చట్టం ప్రకారం తప్పు, 2017 హెచ్‌ఐవీ చట్టం తెలియజెప్పి అనుమతి తీసుకోకుండా టెస్టు చేయకూడదంటుంది, అది సరే. చట్టం లేదనుకున్నా కూడా నాకు అభ్యంతరం ఉంది. ఆవిడ చెయ్యి చాపుతుంది, హిమోగ్లోబిన్‌కి అనుకుని. ఆ క్షణంలో మన లెక్కలో ఆవిడ మనిషి కాదు, బిడ్డ దాకా వెళ్ళడానికి ఒక దారి. కాంట్ 1785లో రాసిన దాంట్లో మనిషిని కేవలం సాధనంగా వాడకు అన్న సూత్రం ఉంది కదా, అక్కడ "కేవలం" అనేదే అసలు సంగతి, బిడ్డ కోసం తల్లికి టెస్టు చేయడంలో తప్పు లేదు, తల్లికి తెలిసి ఆవిడ ఒప్పుకుని చేయాలి. ఆవిడ ఈ రాత్రి భర్త పక్కన పడుకోవాలా వద్దా, ఏ హాస్పిటల్లో కనాలి, పుట్టింటికి ఎప్పుడు వెళ్ళాలి ఇవన్నీ ఆవిడ తేల్చుకోవాల్సినవి, అవన్నీ మనం మన టేబుల్ మీద తేల్చేస్తున్నాం. ఇంకోటి, ఈ పద్ధతిని అందరి పద్ధతిగా చేసి చూడండి, మంచి కారణం ఉన్నప్పుడల్లా హాస్పిటళ్ళు చెప్పకుండా ఏ టెస్టయినా చేస్తాయి అని ఊరందరికీ తెలిస్తే "హిమోగ్లోబిన్‌కి రక్తం ఇవ్వమ్మా" అన్న మాటని ఎవరు నమ్ముతారు? అందరూ నిజం చెప్తారన్న నమ్మకం ఉన్నంతకాలమే ఆ అబద్ధం చెల్లుతుంది. మిగతావాళ్ళ నిజాయితీ మీద అప్పు చేసి బతకడం అన్నమాట.

నర్సు గారు అప్పుడు ఒక మంచి ప్రశ్న వేశారు, "అబద్ధం వద్దులెండి, రిస్క్ ఉన్న గర్భిణీలకి మళ్ళీ టెస్టు చేస్తారమ్మా అని చెప్పి అనుమతి తీసుకుందాం, అది నిజమే కదా" అని. మాట నిజమే. కానీ ఆవిడ వెంటనే "నాకేం రిస్క్ అండీ" అంటే? అక్కడ ఆగాలి లేదా అబద్ధం ఆడాలి. నిజమైన మాటని అడ్డం పెట్టి మోసం చేయొచ్చు, దానికి అబద్ధం కన్నా మార్కులు ఎక్కువ వేయడం నాకు ఇష్టం లేదు.

ఇంకో వైపు వాదన కూడా ఉంది, నా తోటి కౌన్సెలర్లలో చాలామందిది అదే. రహస్యం అంటే రహస్యం, ఒక్కసారి బయటపెడితే రేపు ఎవడూ టెస్టుకి రాడు. గమనించండి, ఇది కర్తవ్యం వాదనలా వినిపిస్తుంది గానీ లోపల ఉన్నది ఫలితం లెక్కే, రేపు జనం రారు అనేదే కారణం. కర్తవ్యం వైపు నుంచి అడగాల్సింది వేరు: నేను ఆయనకి అసలు ఏం మాట ఇచ్చాను? నా రూములో టెస్టుకి ముందే నేను చెప్తా, మీ విషయం బయటికి పోదు, కానీ మీ వల్ల మీ భాగస్వామికి ప్రమాదం ఉండి, మీరు చెప్పనంటే, మీకు ముందే చెప్పి నేను చెప్పే అవకాశం చట్టంలో ఉంది అని. మాటకి హద్దులు ముందే గీసి ఇస్తే తర్వాత అది తప్పడం అవ్వదు. ఈ కేసులో ఆయన రక్తం వార్డులో తీశారు, ఆ మాట ఆయన చెవిన పడలేదు. అందుకే నేను ఆయనకి మామూలు కన్నా ఎక్కువ టైం బాకీ ఉన్నా అనుకున్నా, ఆ లోటు మా వ్యవస్థది, ఆయనది కాదు.

చట్టం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది సగమే చదివి వదిలేస్తారు. 1998లో సుప్రీంకోర్టు "మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్" కేసులో, పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు పాజిటివ్ సంగతి చెప్పడం రహస్యం ఉల్లంఘన కాదంది, అదే తీర్పులో పాజిటివ్ వాళ్ళ పెళ్ళి హక్కు గురించి తీవ్రంగా కొన్ని మాటలంది, ఆ మాటలు ఆ కేసుకి అవసరం లేదని 2002లో మళ్ళీ కోర్టే వెనక్కి తగ్గింది. తర్వాత 2017 చట్టం, అమల్లోకి వచ్చింది 2018 సెప్టెంబర్ 10న. దాంట్లో 9వ సెక్షన్ మన సెక్షన్. డాక్టరు గానీ కౌన్సెలర్ గానీ భాగస్వామికి చెప్పొచ్చు, ఎప్పుడంటే భాగస్వామికి గట్టి ప్రమాదం ఉందని సబబైన నమ్మకం ఉండాలి, పాజిటివ్ వ్యక్తికి నువ్వే చెప్పు అని కౌన్సెలింగ్ ఇచ్చి ఉండాలి, అయినా చెప్పడని తేలాలి, నేను చెప్పబోతున్నా అని ఆ వ్యక్తికి ముందే చెప్పాలి. చెప్పేది కూడా ఎదురుగా కూర్చోబెట్టి, కౌన్సెలింగ్ ఇచ్చి చెప్పాలి, ఫోన్లో చెప్పడం, ఆశాతో కబురంపడం కుదరదు.

నాకు ఆ సెక్షన్లో ఇష్టమైంది ఆ నాలుగో షరతు. ఫలితమే ముఖ్యమనుకుంటే అది దండగ, ముందే చెప్తే ఆయన భార్యని తీసుకుని వేరే ఊరెళ్ళిపోవచ్చు, నంబర్ మార్చేయొచ్చు. అయినా చెప్పాలంటుంది. తప్పు చేస్తున్నాడని మనం అనుకునే మనిషికి కూడా వెనకాల నుంచి ఏమీ చేయకూడదు అని ఆ షరతు అర్థం.

ఇంకో సంగతి ఏంటంటే ఆ సెక్షన్ ప్రకారం చెప్పినందుకూ కేసు లేదు, చెప్పనందుకూ కేసు లేదు. కాంట్ చెప్పిన కొట్టువాడి ఉదాహరణ గుర్తొస్తుంది నాకు, చిన్నపిల్లాడొచ్చినా ఎక్కువ ధర తీసుకోడు, కానీ అది నిజాయితీ వల్లా బేరం పోతుందన్న భయం వల్లా అనేది బయటినుంచి చూస్తే తెలీదు. కౌన్సెలర్‌కి ఇక్కడ ఏ భయమూ లేదు, మూసుకుని కూర్చున్నా జీతం వస్తుంది. చేయాల్సిన పని అనుకుంటేనే చేస్తాం, లేకపోతే లేదు.

"పాజిటివ్ ఆవిడై, తెలియాల్సింది ఆయనకైతే ఇంతే గట్టిగా చెప్పేవారా" అని ల్యాబ్ టెక్నీషియన్ గారు అడిగారు. అన్నిసార్లూ కాదు. కొడతాడనో, గెంటేస్తాడనో, ఆవిడ మీదకో పిల్లల మీదకో వస్తుందనో భయానికి కారణం ఉంటే ముఖ్యంగా మహిళల విషయంలో, భాగస్వామికి చెప్పకూడదు అని ఆ సెక్షన్లోనే ఉంది. రూలు అందరికీ ఒకటే ఉండాలి కదా అంటే, ఒకటే ఉంది, చెప్పడం వల్ల ఇంకొకరి మీద దెబ్బ పడేచోట చెప్పకు అని. అది ఎక్కువగా ఎవరి మీద పడుతుందో మన ఊళ్ళలో అందరికీ తెలుసు.

ఆయన దగ్గరికి వస్తా. చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఒకసారి నల్ల కవర్లో రొయ్యలు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు, "కౌంటు మంచిదండి, ఇంటికి పట్టుకెళ్ళండి" అన్నాడు, కవర్ కింద నీళ్ళు కారి రిజిస్టర్ అట్ట తడిసింది. తిరిగి ఇచ్చేశా. ఆయనకి తెలుసు, నాకూ తెలుసు అవి ఎందుకో. ఆ రోజే గడువు చెప్పా: "ఏడో నెలలో పుట్టింటికి పంపిస్తారు కదండీ, ఆ లోపు మీరు చెప్పాలి. ఎలా చెప్పాలో నాతో ప్రాక్టీస్ చేయండి, ఇద్దరూ వస్తే నేను పక్కన ఉంటాను. చెప్పకపోతే, నేను ఆవిడని పిలిచి చెప్పబోతున్నా అని మీకు ముందుగా ఫోన్ చేసి, అప్పుడు చెప్తా." ఆయన కోపంగా లేచాడు, "ఇది బెదిరించడం కాదాండి?" అని. నేను దీని మీద చాలా ఆలోచించా. బెదిరింపు అంటే నాకు కావాల్సింది ఆయన దగ్గర పిండుకోవడానికి చెప్పేది. ఇది నాకు కావాల్సింది కాదు, నేను ఎలాగూ చేయబోయేది దాచకుండా చెప్పడం. ఆయనకి ఆ తేడా ఆ రోజు అర్థమయిందని అనుకోను.

ఏడో నెల రాకముందే ఇద్దరూ వచ్చారు. బయట బెంచీ మీద ఆవిడని కూర్చోబెట్టి ఆయన ఒక్కడే లోపలికొచ్చి "నా నోటితో రాదండి, మీరే చెప్పండి, నేను ఇక్కడే ఉంటా" అన్నాడు. అనుమతి ఆయనే ఇచ్చాడు కాబట్టి 9వ సెక్షన్ దాకా వెళ్ళాల్సిన పని పడలేదు. ఆ మాటకి కాయితం మీద సంతకం తీసుకుని ఆవిడని పిలిచా.

ఆవిడ చేతిలో గర్భిణీ కార్డు గొట్టంలా చుట్టి పట్టుకుని ఉంది. నేను చెప్పేది విన్నాక మొదట అడిగింది "బిడ్డకి?" అని. చెప్పా, ఏం చేయొచ్చో. తర్వాత "ఈయనకి ఎప్పటినుంచి?" అని, తర్వాత నా వైపు తిరిగి "మీకెప్పటినుంచి తెలుసు మేడం?" అని. తెలిసిన రోజు చెప్పా. ఆవిడ కాసేపు లెక్కేసుకుని, "అయితే మొన్న నేను ఐరన్ మాత్రలకి వచ్చినప్పుడు బాగున్నావా అమ్మా అని అడిగారు కదా, అప్పటికి తెలుసన్నమాట" అంది. "తెలుసమ్మా" అన్నా. దానికి ఇంకేం కలపలేదు, కలపాలనిపించినా.

ఈ ఒక్కచోట కాంట్ నాకు చాలడు. కర్తవ్యాలు రెండు నిజంగా ఢీకొనవు, ఢీకొన్నట్టు కనపడేవి కారణాలే, గట్టి కారణం గెలిస్తే రెండోది ఇక కర్తవ్యమే కాదు అన్నది ఆయన లెక్క. అలా అయితే ఆవిడ మాటకి నాకేమీ అనిపించకూడదు, ఆ రోజుల్లో నేను మౌనంగా ఉండటమే సరైంది కాబట్టి. కానీ అనిపించింది, అనిపించాలి కూడా. దీనికి 1930లో డబ్ల్యూ.డీ. రాస్ అనే ఆక్స్‌ఫర్డ్ ఫిలాసఫర్ చెప్పింది దగ్గరగా ఉంటుంది. మాట నిలబెట్టుకోవడం, చేసిన తప్పు సరిదిద్దుకోవడం, కృతజ్ఞత, న్యాయం, మేలు చేయడం, మనల్ని మనం మెరుగుపరుచుకోవడం, హాని చేయకపోవడం, ఇవన్నీ దేనికదే నిజమైన బాధ్యతలు, ఒక సందర్భంలో ఒకటి పైచేయి అయినా కింద పడ్డది చచ్చిపోదు, దాని బాకీ మన ఖాతాలో ఉంటుంది, తర్వాత ఏదో రూపంలో తీర్చాలి అంటాడు. నాకు ఆవిడ విషయంలో తీర్చుకునే దారి ఒకటే కనిపించింది, ఆవిడ ఎన్నిసార్లు అదే ప్రశ్న అడిగినా సమర్థించుకోకుండా జవాబు చెప్పడం. తర్వాత కూడా అడిగింది. చెప్పా.

టెస్టు ఆవిడ ఒప్పుకునే చేయించుకుంది, నెగిటివ్. విండో పీరియడ్, అంటే వైరస్ ఎక్కినా టెస్టులో బయటపడని కాలం, ఉంది కాబట్టి మళ్ళీ చేయాలి, కాన్పుకి దగ్గర్లో ఇంకోసారి చేయాలి అని ఇద్దరికీ చెప్పా. రిపోర్ట్ ప్రింట్ అవుతుంటే ల్యాబ్ టెక్నీషియన్ గారు "అమ్మయ్య, మనం చేసింది కరెక్టేనండి" అన్నారు. ఈ మాటకి మాత్రం నేను ఒప్పుకోలేదు, ఆయనతో అక్కడే వాదించా. పాజిటివ్ వచ్చి ఉంటే మనం చేసింది తప్పయిపోయేదా? రహస్యంగా ముందే చేసి ఉంటే కూడా అదే నెగిటివ్ వచ్చేది, అప్పుడు అదీ కరెక్టేనా? మనం నిర్ణయం తీసుకున్న రోజున రిజల్ట్ మన చేతిలో లేదు, ఆవిడ రక్తంలో ఉంది. చేతిలో ఉన్నది ఆయనకి చెప్పి చేయాలా చెప్పకుండా చేయాలా, ఆవిడని అడిగి చేయాలా అడక్కుండా చేయాలా, అంతే. ఆయన "మీరు మరీనండి" అని నవ్వి రిపోర్ట్ చేతికిచ్చారు. ఫలితం అసలు లెక్కలోకే రాదని నేను అనట్లేదు, 5 శాతానికీ 45 శాతానికీ తేడా తెలిసినందువల్లే ఏడో నెల అని గడువు పెట్టా, తీరిక దొరికినప్పుడు చెప్పండి అని వదల్లేదు. ఆ తొందరకి కారణం ఫలితమే, కానీ తొందర ఉంది కదా అని ఏది పడితే అది చేయలేం.

పుట్టింటికి వెళ్ళే ముందు ఆవిడ ఒంటరిగా వచ్చింది. అత్తగారికి ఏమీ తెలీదు, తెలియనివ్వొద్దంది, సరే అన్నా, అది వాళ్ళ సంగతి. అక్కడి హాస్పిటల్లో కాన్పు ముందు మళ్ళీ టెస్టు చేయించుకోవాలి కదా, నేను రిఫరల్ చీటీ రాసిస్తానన్నా. మా ఆయన పేరు, జబ్బు పేరు లేకుండా, ఊరికే "బలహీనత" అనో ఏదో రాసి టెస్టు అని పెట్టండి మేడం అని అడిగింది. లేని బలహీనత రాయలేనమ్మా, కారణం రాయకుండా టెస్టు చేయమని ఒక్క లైను రాస్తా అన్నా. ఆవిడ కాస్త ఆలోచించి, వద్దులెండి, చీటీ మా అమ్మ చూస్తుంది, అక్కడ డాక్టరమ్మకి నేనే చెప్పుకుంటా అంది. వెళ్ళాక చెప్పుకుంది కూడా, టెస్టు అడిగి చేయించుకుంది, ఫోన్ చేసి చెప్పింది.